పడవలు తీసుకున్నది ఎవరు?

విశాఖపట్నంలో కంచరపాలెం వైపు ఒక ఉన్నత పాఠశాల. "యుద్ధం, దాని పరిణామాలు" అన్న అంశం మీద తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక్క పేరా రాయించి, ఆ కాగితాలు దిద్దుతోంది సాంఘికశాస్త్రం టీచరు. చిన్నప్పుడు ఆమెకు తెలుగు చెప్పిన మాస్టారు రిటైరయ్యారు కానీ బడికి రావడం మానలేదు. ఇద్దరికీ రాత అంటే పట్టుదల ఉంది. ఇద్దరి పట్టుదలా ఒకటి కాదు. వాళ్ల వాదన పిల్లలకే కాదు, రోజూ పేపర్లో యుద్ధవార్తలు చదివే మనకూ అవసరమని నమ్మి ఇక్కడ రాస్తున్నాను.

టీచరు: ఇది చూడండి మాస్టారూ. "యుద్ధం మానవాళికి శాపం. యుద్ధం వల్ల ప్రాణనష్టం, ఆస్తినష్టం కలుగుతాయి. దేశాల ఆర్థిక పరిస్థితి దెబ్బతింటుంది. పర్యావరణం పాడవుతుంది. కాబట్టి ప్రపంచానికి శాంతి అవసరం." తప్పు ఒక్కటి లేదు. రావలసినవన్నీ వచ్చాయి. ఐదుకి నాలుగు వేశాను.

మాస్టారు: నేనైతే రెండు దాటను. అందులో "యుద్ధం" అన్న మాట కొట్టేసి "తుఫాను" అని రాయి. చివరి వాక్యం తప్ప ఇంకేదీ మార్చక్కర్లేదు. "భూకంపం" అని రాసినా నిలబడుతుంది. యుద్ధం మీద రాసిన పేరాలో యుద్ధమే లేకపోతే నాలుగు ఎలా వేశావమ్మా?

టీచరు: పద్నాలుగేళ్ల పిల్లాడు. ముందు వాడికి మొత్తం ఎలా ఉంటుందో తెలియాలి. మీరేం రాయించమంటారో నాకు తెలుసు. ఒక ఊరు, ఒక రోజు, ఒక తల్లి. చదివినవాళ్లకు కళ్లు చెమరుస్తాయి, విషయం మాత్రం బోధపడదు. ఆ తల్లి ఏడుపు తుఫానులోనూ అదే ఏడుపు. మీ పరీక్ష దానికి కూడా పెట్టి చూడండి.

మాస్టారు: ఏడుపు రాయమని నేను అనలేదు. జరిగింది రాయమంటున్నాను. బీచిరోడ్డులో విశాఖ మ్యూజియానికి వీళ్లను తీసుకెళ్లారు కదా. జపానువాళ్లు వేస్తే పేలకుండా మిగిలిన బాంబు అక్కడ ఉంది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి విమానాలు వచ్చి విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పిల్లలు కళ్లతో చూసిన వస్తువు. అక్కడ మొదలుపెట్టమను.

టీచరు: నేను భయపడేది సరిగ్గా దానికే. ఆ బాంబుతో మొదలుపెడితే యుద్ధమంటే బాంబు అనుకుంటాడు. ఆ రోజు ఇక్కడ చనిపోయినవాళ్లు కొద్దిమంది. జనం ఊరు ఖాళీ చేశారు, నిజం. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలే లోపలి ఊళ్లకు తరలిపోయాయి. అక్కడి జంతు ప్రదర్శనశాలలో క్రూరమృగాలు తప్పించుకుంటాయేమోనని కాల్చి చంపారు. భయం అంత దూరం పాకింది. కానీ ఆ భయమంతా ఒక ఎత్తు, అదే ఏడాది తెలుగువాళ్లకు జరిగిన నష్టం ఒక ఎత్తు. అది ఈ తీరం మీద జరగలేదు. గాజుపెట్టెలో పెట్టి చూపించడానికి దాని తాలూకు వస్తువేదీ లేదు.

మాస్టారు: రంగూన్ సంగతి.

టీచరు: అవును. మీరు ఒక చోటు పట్టుకోమంటారు. పట్టుకున్న చోటే తప్పయితే పేరా అంతా తప్పే. అందుకే నేను ముందు మొత్తం చూడమంటాను.

మాస్టారు: సరే, చోటు మారుద్దాం. రంగూన్ నాకు ఇంట్లో విన్న ఊరు. మా పెద్దవాళ్లు రంగం అనేవాళ్లు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి ఓడ ఎక్కితే దిగేది అక్కడే. కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసింది ఎక్కువగా మనవాళ్లు, వీధులు ఊడ్చి పాకీపని చేసినవాళ్లలోనూ మనవాళ్లే ఎక్కువ. మేస్త్రీ ముందు అప్పిచ్చి తీసుకెళ్లేవాడు, ఆ అప్పు తీరేదాకా వీళ్లు అతని చేతికింద ఉండేవాళ్లు. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు కూలీలు సమ్మె చేస్తే ఓడల కంపెనీలు బర్మావాళ్లను పనిలోకి తెచ్చాయి. సమ్మె తీరాక ఆ బర్మావాళ్లను పొమ్మన్నారు. దాని మీద అల్లర్లు పుట్టి మనవాళ్లు చాలామంది చచ్చిపోయారు. అంటే 1941 నాటికే వాళ్లకు ఆ ఊళ్లో నిలబడటానికి గట్టి నేల లేదు.

టీచరు: ఇదంతా పేరాలో పడుతుందా?

మాస్టారు: పట్టదు. రాసేవాడికి తెలిసి ఉండాలి. తెలిసినవాడు రాసిన నాలుగు వాక్యాలు వేరేగా ఉంటాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. జనానికి వైమానిక దాడి అంటే తెలియదు, వీధుల్లో నిలబడి పైకి చూశారు. వెయ్యికి పైగా చచ్చిపోయారు. రెండు రోజుల తర్వాత క్రిస్మస్ నాడు మళ్లీ పడ్డాయి. కూలీలు రేవు వదిలి ప్రోము రోడ్డు పట్టారు. అక్కడ ఇరావతి దాటి, అరకాన్ కొండల్లో టాంగప్ కనుమ మీదుగా సముద్రం ఒడ్డుకు చేరి, పడవ మీద అక్యాబు, అక్కణ్నుంచి చిట్టగాంగు చేరాలని. అధికారులు వాళ్లలో చాలామందికి నచ్చజెప్పి వెనక్కి తెచ్చారు. కూలీలు పోతే రేవు ఆగుతుంది, రేవు ఆగితే సైన్యానికి సరుకు దిగదు.

టీచరు: ఆ వెనక్కి తేవడం ముఖ్యం. అది బాంబు చేసిన పని కాదు.

మాస్టారు: కాదు. ఆ తర్వాత ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకు, యూరోపియన్లకు దొరికినట్టు వీళ్లకు దొరకలేదు. మార్చి 8న జపాను సైన్యం రంగూన్ పట్టుకుంది. ఓడదారి పూర్తిగా పోయింది. ఇక నడకే. కనుమలో నీళ్లు లేవు, కలరా పట్టుకుంది. ఉత్తరానికి పోయినవాళ్లు మాండలే దాటి తాము మీదుగా మణిపురం వైపు నడిచారు. ఇంకా పైకి పోయినవాళ్లు హుకాంగ్ లోయలో మే నెల వానల్లో, బురదలో చిక్కుకున్నారు. మెరుగైన దారిని తెల్లవాళ్లకు ఉంచి, మిగిలినవాళ్లను కష్టమైన దారిన పొమ్మన్నారని, తెల్లదారి, నల్లదారి అని కాంగ్రెసు నాయకులు ఆ ఏడాదే నిలదీశారు. మొత్తం నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. ఇప్పుడు నా పేరా మొదటి వాక్యం చెబుతాను, రాసుకో. "1942లో బర్మా యుద్ధం ముందుగా దారుల్ని మూసింది." తుఫాను పరీక్ష పెట్టు.

టీచరు: తుఫాను కూడా దారులు మూస్తుంది మాస్టారూ.

మాస్టారు: మూస్తుంది, రెండు రోజులు. ఎవరికి తెరవాలో, ఎవరికి మూయాలో చూసుకుని మూయదు.

టీచరు: అయితే మీ వాక్యంలో ఆ ముక్క ఏది? "యుద్ధం దారుల్ని మూసింది" అన్నారు. యుద్ధానికి చేతులున్నాయా? ప్రోము రోడ్డు మీద కూలీలను ఆపింది యుద్ధమా, అధికారులా? నేను మొత్తం చూడాలన్నది ఇందుకే. మీరు ఒక దారిని పట్టుకుని చివరిదాకా నడిపించారు, బాగుంది, కానీ మీ వాక్యంలో ఎవరూ ఏమీ చెయ్యలేదు.

మాస్టారు: తెలుగులో అలా అనడం సహజం. "దారి మూసేశారు", "పడవలు తీసేసుకున్నారు" అంటాం. ఎవరు అన్నది వినేవాడికి తెలుస్తుంది. ప్రతి వాక్యానికీ కర్తను తగిలిస్తే అది తెలుగు కాదు, ఎఫ్.ఐ.ఆర్. అవుతుంది.

టీచరు: పడవలంటూ మీరే తెచ్చారు కాబట్టి బెంగాల్ చూద్దాం. బర్మా పోవడంతో బర్మా బియ్యం పోయింది. అప్పట్లో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం అది. 1943లో బెంగాల్లో కరువు. కరువు కమిషన్ లెక్కలో 15 లక్షల మంది, అమర్త్య సేన్ లెక్కలో దాదాపు 30 లక్షల మంది పోయారు. మీ పద్ధతిలో పిల్లాడు ఏం రాస్తాడు? "యుద్ధం వల్ల బియ్యం రాలేదు, బియ్యం లేక జనం చచ్చారు." దారం తెగలేదు, పేరా చక్కగా నడిచింది, కానీ అబద్ధం.

మాస్టారు: అబద్ధం ఎలా అవుతుంది?

టీచరు: సేన్ 1981లో వేసిన పుస్తకంలో లెక్క తీశారు. 1943లో బెంగాల్లో ఉన్న తిండిగింజలు అంతకుముందు ఐదేళ్ల సగటు కంటే సుమారు 5 శాతమే తక్కువ, 1941 కంటే 13 శాతం ఎక్కువ. 1941లో కరువు లేదు. కాబట్టి బియ్యం లేకపోవడం ఒక్కటే చంపలేదు. కలకత్తాలో 1942 డిసెంబరులో మణుగు 13, 14 రూపాయలున్న బియ్యం 1943 మార్చికి 21, మే నెలకు 30 దాటి, ఆగస్టుకు 37కి పోయింది. సైన్యానికి, కలకత్తా ఫ్యాక్టరీల వాళ్లకు ముందు తిండి అందేలా చూశారు. యుద్ధపు ఖర్చుతో నగరంలో డబ్బు పెరిగింది, పల్లెలో కూలివాడి చేతిలో పెరగలేదు. పక్క రాష్ట్రాలు తమ ధాన్యం బయటికి పోనివ్వలేదు. 1942 అక్టోబరులో మిడ్నపూరు తుఫాను వచ్చింది, అదీ కలుపుకోవాలి. ఇక పడవలు. జపానువాళ్లు దిగితే వాడుకుంటారని తీరం వెంబడి పది మంది పట్టే పడవ నుంచి ఆ పైనున్న పడవలన్నీ తీసుకున్నారు. నమోదైన 66 వేల పైచిలుకు పడవల్లో సుమారు 45 వేలు పోయాయి. నీళ్ల మధ్య బతికే ఊళ్లు అవి. పడవ లేకపోతే జాలరి వేటకు పోలేడు, కుండలవాడు సంతకు పోలేడు, లంకలో పొలమున్నవాడు పొలానికి పోలేడు. కరువులో బాగా దెబ్బతిన్నవాళ్లు ఎవరంటే వ్యవసాయ కూలీలు, జాలర్లు, పడవలు నడిపేవాళ్లు. ఇప్పుడు చెప్పండి, "పడవలు తీసేసుకున్నారు" అని ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? చదివే పిల్లాడు జపానువాళ్లు తీసుకున్నారనుకుంటాడు.

మాస్టారు: సైన్యం అడిగింది, గవర్నరు జాన్ హెర్బర్ట్ పాలన తీసుకుంది.

టీచరు: అది రాయాలి. పాఠ్యపుస్తకాల్లో "తొలగించబడ్డాయి", "తరలించబడ్డారు" అని ఉంటుంది. మీ తరం దాన్ని గ్రాంథికపు వాసన అని తిట్టింది. మీ వాడుక భాషలో అదే పని ఇంకా సులువుగా జరుగుతోంది, కర్త ఊరికే జారిపోతున్నాడు. యుద్ధం మీద రాసిన పేరాలో ఎవరు చేశారో లేకపోతే నేను మార్కు తగ్గిస్తాను, భాష ఎంత బాగున్నా.

ఇక్కడ నా మొగ్గు టీచరు వైపే. యుద్ధం గురించి మనం చదివే వాక్యాల్లో ఇళ్లు వాటంతట అవే కూలిపోతాయి, జనం వాళ్లంతట వాళ్లే నిరాశ్రయులవుతారు. "కరువు వచ్చింది" అన్న వాక్యం వాన కురిసింది అన్నట్టు వినిపిస్తుంది. 1943 ఆగస్టులో కలకత్తా వీధుల్లో పడి ఉన్నవాళ్ల ఫొటోలను స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయన్ స్టీఫెన్స్ అచ్చువేసేదాకా ప్రభుత్వం కరువు అన్న మాటే ఒప్పుకోలేదు. చిత్తప్రసాద్ మిడ్నపూరులో తిరిగి గీసిన బొమ్మల పుస్తకాన్ని ప్రభుత్వం పట్టుకుని ధ్వంసం చేసింది. ఒక వాక్యంలో కర్త లేకుండా చూసుకోవడానికి అంత శ్రమ పడ్డవాళ్లున్నారు. అలాంటప్పుడు ఆ కర్తను వెతికి వాక్యంలో పెట్టే శ్రమ రాసేవాళ్లు పడకపోతే ఎలా? అయితే మాస్టారు చెప్పింది కూడా వదులుకోలేను. దారి అన్న ఒక్క విషయాన్ని పట్టుకుని నడవబట్టే ఆ ప్రశ్న పుట్టింది. ప్రాణనష్టం, ఆస్తినష్టం అని వరస పెట్టుకుపోయే పేరాలో పడవల దాకా వచ్చేవాళ్లమే కాదు.

మాస్టారు: సరే, మార్చాను. "1942లో బర్మా యుద్ధం వచ్చినప్పుడు ఏ దారి ఎవరికి తెరవాలో, ఎవరికి మూయాలో బ్రిటిషు అధికారులు నిర్ణయించారు. రేవు ఆగకూడదని తెలుగు కూలీలను ప్రోము రోడ్డు నుంచి వెనక్కి తెచ్చారు. ఓడలు లేనప్పుడు కొండలు దాటి నడవమన్నారు. జపాను వస్తుందని బెంగాల్లో జాలర్ల పడవలు తీసుకున్నారు. జపాను ఆ తీరానికి రాలేదు, ఆకలి వచ్చింది." ఇంకేం కావాలి?

టీచరు: ఎంతమంది?

మాస్టారు: నడకలో పోయినవాళ్లా? పది వేలంటారు, యాభై వేలంటారు, ఇంకా ఎక్కువంటారు. అంత తేడా ఉన్న అంకె పేరాలో పెడితే చదివేవాడికి నమ్మకం పోతుంది. వదిలెయ్.

టీచరు: వదలను. "పది వేల నుంచి యాభై వేల దాకా, ఇంకా ఎక్కువ కూడా" అని తేడాతోనే రాయించాలి. ఒక్క అంకె ఎంచుకుంటే అబద్ధం, అసలు వదిలేస్తే వాళ్లు లేనట్టే.

మాస్టారు: అయితే పక్కన ఇంకోటి కూడా రాయించు. రంగూన్ దగ్గర టాక్యన్‌లో యుద్ధ శ్మశానం ఉంది. బర్మా యుద్ధంలో సమాధి దొరకని కామన్వెల్తు సైనికుల పేర్లు, దాదాపు 27 వేలు, అక్కడి స్తంభాల మీద చెక్కారు. అందులో మన దేశపు సిపాయిలు చాలామంది. శవం దొరకనివాడి పేరు కూడా రాశారు, మంచిపని. టాంగప్ కనుమలో పడిపోయిన కూలీ పేరు ఏ రాతి మీదా లేదు. ఒకరిని పేరుపేరునా రాశారు, ఇంకొకరిని వేలల్లో కూడా సరిగా లెక్కపెట్టలేదు. నీ అంకెల్లో తేడా ఎందుకొచ్చిందో పిల్లాడికి అప్పుడు తెలుస్తుంది.

టీచరు: అది రాయిస్తాను. అంకె పక్కన కారణం ఉండాలి, ఒప్పుకుంటాను. అసలు నేను మీకు చూపించాలనుకున్న కాగితం ఇది. బర్మా క్యాంపు అమ్మాయి రాసింది.

మాస్టారు: బర్మా క్యాంపు వాళ్లు 1960ల్లో వచ్చినవాళ్లు కదా. నె విన్ ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేసినప్పుడు.

టీచరు: వీళ్లు రెండుసార్లు వచ్చారు. 1942లో నడిచి వచ్చి, యుద్ధం అయ్యాక మళ్లీ వెళ్లి, 1964 తర్వాత ఓడలో తిరిగొచ్చారు. వినండి. "మా ముత్తాత రంగూన్ నుంచి నడిచి వచ్చాడు. దారిలో ఆయన తమ్ముడు చనిపోయాడు. ఎక్కడో తెలియదు." అంతే. మూడు వాక్యాలు. పేరా పూర్తి కాలేదని రెండు వేశాను.

మాస్టారు: అది పూర్తి కాలేదా? నాలుగు వేసిన కాగితం కంటే ఇందులో ఎంతో ఉంది. దీనికి ఒక్క మాట కలిపినా చెడుతుంది. వదిలెయ్ తల్లీ.

టీచరు: మళ్లీ కళ్లు చెమర్చే దగ్గరే ఆగిపోతున్నారు. తమ్ముడు చనిపోయాడు, ఎవరైనా ఎక్కడైనా చనిపోవచ్చు. అతను ఎందుకు నడిచాడు? ఓడ ఎందుకు ఎక్కలేదు? ఆ అమ్మాయికి ఇది ఇంటి దుఃఖంగానే మిగిలిపోవడం నాకు ఇష్టం లేదు. వాళ్ల కుటుంబానికి ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో ఆమె రాయగలగాలి. పేరాను పెంచమని నేను అడిగేది అందుకు, పొడుగు కోసం కాదు.

మాస్టారు: పెంచే పేరుతో ఆ మూడో వాక్యం పోగొడతావేమోనని నా భయం. "ఎక్కడో తెలియదు." ఆ చోటు వదలకుండా పెంచగలిగితే పెంచు.

టీచరు: ఆ వాక్యం ఆమెదే, నేను ముట్టుకోను. కాగితం కింద ప్రశ్నలు రాసిస్తాను, ఇంట్లో అడిగి రమ్మంటాను. బయలుదేరింది ఏ నెలలో? డిసెంబరులోనా, రంగూన్ పోయాకా? ప్రోము మీదుగానా, మాండలే మీదుగానా? ఓడ టిక్కెట్టుకు ప్రయత్నించారా, ఎవరు కాదన్నారు? రేవులో మేస్త్రీ ఎవరు, అప్పు ఎంత ఉండేది? ఇక్కడి ఊరికి మనియార్డరు ఎప్పుడు ఆగింది, ఆగాక ఇంట్లో ఏం తిన్నారు?

మాస్టారు: తమ్ముడి పేరు అడగలేదు నువ్వు.

టీచరు: రాస్తున్నాను. తెలియకపోతే తెలియదనే రాయమంటాను.

మాస్టారు: పేరు దొరికితే మొదటి వాక్యంలో పెట్టించు. పేరుతో మొదలైతే చదివేవాడు వదలడు.

టీచరు: కాదు మాస్టారూ, అక్కడ నేను ఒప్పుకోను. మొదటి వాక్యంలో రేవు ఉండాలి, ప్రోము రోడ్డు మీద వెనక్కి తిప్పినవాళ్లుండాలి. పేరు తర్వాత రావాలి. ముందే పేరు చెబితే అయ్యో పాపం అని చదువుతారు. అతన్ని ఆ కొండలెక్కించింది ఎవరో తెలిశాక పేరు వస్తే, ఆ పేరుకు ఎవరు జవాబు చెప్పాలో కూడా చదివినవాళ్లకు తెలిసి ఉంటుంది.

మాస్టారు: రెండు రకాలుగానూ రాయించి తీసుకురా. సోమవారం చూస్తాను.